మహానాయకుడి తువ్వాలు

విజయవాడ వేలం హాల్లోకి అద్దాల పెట్టె రాగానే అందరూ లేచి నిలబడ్డారు. అందులో ఉన్నది దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన మహానాయకుడి తువ్వాలు.

"ఇది జాతి సొత్తు. అమ్మడానికి వీల్లేదు!" ముందు వరుసలోంచి స్మారక సంఘం అధ్యక్షుడు అరిచాడు.

"ఆయన మా తాతగారికి స్వయంగా ఇచ్చారండీ. మా సొత్తే," అన్నాడు బట్టల కొట్టు రామలింగం.

"ఇచ్చినట్టు సాక్ష్యం ఉంటేనే పాట మొదలెడతాం," అన్నాడు వేలం నిర్వాహకుడు.

రామలింగం తొంభై ఏళ్ల నాయనమ్మ బాలత్రిపురసుందరిని వేదిక ఎక్కించి మైకు ముందు కూర్చోబెట్టాడు. టీవీవాళ్లు తోసుకొచ్చారు.

"ఆయన ఇవ్వడమేంటి నాయనా? బెజవాడ స్టేషన్లో రైలు కిటికీలోంచి సీటు మీద వేసుకున్నారు. ఆయన ఎక్కేలోపే మా ఆయన దాన్ని తీసి చంకలో పెట్టుకుని, అక్కడ కూర్చున్నారు."

రామలింగం తల పట్టుకున్నాడు. అధ్యక్షుడు తన కుర్చీ మీద కండువా వేసి, వేదిక దగ్గరికి ఉరికాడు.

"మరి ఆ మహానుభావుడు?"

"తెనాలి దాకా మా పక్కనే నిలబడి వచ్చారు. దిగేటప్పుడు జనం దండలతో ఎగబడ్డాకే, ఆయనెవరో మాకు తెలిసింది."

"అప్పుడైనా మీ ఆయన లేచి, దండం పెట్టి, తువ్వాలు ఇచ్చెయ్యొద్దా అమ్మా?"

"నేనూ అదే అన్నాను నాయనా. 'లేస్తే సీటు పోద్దే' అన్నారు."