తక్కువ అడిగిన గొంతు

ఫోన్ మోగేసరికి తాళాల కొట్టు యజమాని కొత్త తాళంచెవికి ఆకురాయి పెడుతున్నాడు. చేతులు ఖాళీ లేక స్పీకర్ నొక్కాడు.

"అన్నా, పాపకి పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్. రేపు పొద్దున్నే. ఫొటో పంపాను, చూడండి."

గొంతు మెత్తగా ఉంది. ఫొటోలో రెండు జడల పిల్ల, ముందు పన్ను ఊడిన నవ్వు.

యజమాని అంత తేలిగ్గా కరిగే రకం కాదు. అద్దెకున్న ఈ కొట్టు గదిని సొంతం చేసుకోవాలని పదిహేనేళ్లు కడుపు కట్టుకుని కూడబెట్టినవాడు. సోమవారమే రిజిస్ట్రేషన్.

ఎర వేసి చూద్దామనుకున్నాడు.

"పది వేలిస్తా."

"అంతెందుకన్నా? రెండు వేలు చాలు. మిగతాది ఇంకెవరైనా సర్దుతారు."

ఆకురాయి ఆగింది. ఇస్తానన్నది వద్దన్నవాణ్ణి బజారులో ఇంతవరకూ చూడలేదు. దొంగైతే ఎగిరి గంతేసేవాడు కాదూ!

"రసీదు కోసం మీ ఫోన్‌కి ఒక నంబరొస్తుంది. అది చెప్పండి, చాలు."

స్పీకర్లో మాటలు వింటూ అప్పుడే గుమ్మంలోకి ఒక మనిషి వచ్చాడు. మాసిన చొక్కా, చంకలో కవర్ల కట్ట.

"బాబాయ్ గారూ, చెప్పకండి! ఫోన్ పెట్టేసి, ఆ ఆసుపత్రికి మీరే చేసి కనుక్కోండి."

"నువ్వెవరివయ్యా మధ్యలో?"

"ఒక్క నిమిషం, ఈ కాగితం చూడండి..."

"ఓహో, నీదీ చందాయేనా? ఒకడు ఫోన్లో, ఒకడు గుమ్మంలో! నీ బేరం పోతుందని ఏడుపా?"

"పాపం, ఏమీ అనకండన్నా," అంది గొంతు జాలిగా. "కడుపు మండి తిరుగుతుంటారు అలాంటివాళ్లు."

అంత మంచితనం విన్నాక యజమానికి అనుమానమే మిగల్లేదు.

"దిగవయ్యా మెట్లు!"

ఆ మనిషి ఒక కవరు గల్లాపెట్టె మీద పెట్టి, పక్క కొట్టు వైపు వెళ్లిపోయాడు.

యజమాని ఒక్కో అంకే నింపాదిగా చదివి వినిపించాడు.

"మీ మేలు మర్చిపోనన్నా."

లైను తెగింది. ఫోన్ టింగుమంది. మళ్లీ టింగుమంది. మూడో మెసేజ్ వచ్చేసరికి ఖాతాలో పదిహేనేళ్లూ ఊడ్చుకుపోయాయి.

తిరిగి ఆ నంబరుకు చేశాడు. పలకలేదు. వీధిలోకి పరుగెత్తాడు. ఆ మనిషి ఎక్కడా లేడు.

కొట్లోకి తిరిగొచ్చి కవరు చించాడు.

అదే ఫొటో. రెండు జడలు, ఊడిన పన్ను. వెనక చేత్తో రాసిన రెండు వరుసలు.

"మా పాప పోయి మూడేళ్లయింది. దాని ఫొటో చూపించి ఎవరు డబ్బడిగినా ఇవ్వకండి."