అటక మీది కూత

"ఈ కూత పిట్టదా, గడియారానిదా?" అంది వన్యప్రాణి శాఖ ఆఫీసరమ్మ, అటక వైపు తలెత్తి.

గడియారాలు బాగుచేసే గడియారాలాయన గుమ్మం వైపు ఓ చూపు విసిరాడు. రోడ్డు వెడల్పు చేసే బుల్డోజరు గుమ్మం ముందే గుర్రుమంటోంది. అది ఇంకాస్త ముందుకొస్తే వీధి గది, అంటే ఆయన మరమ్మతు దుకాణం, అంటే ఇంటిల్లిపాది తిండి, నేలమట్టం. మా అటక మీద అరుదైన గుడ్లగూబ ఉందని అర్జీ పెట్టి దాన్ని ఆపించాడు. ఆ గుడ్లగూబ మరెవరో కాదు, ఆయన బామ్మర్ది. నాటకాల్లో తెర వెనక నుంచి కుక్కలా మొరగడం, కోడిలా కూయడం తప్ప మరో పని రానివాడు. అందుకే ఇంతవరకూ ఎవరూ పిల్లనివ్వలేదు. బావ దగ్గితే వాడు పైనుంచి కూయాలి, అదీ ఒప్పందం.

"పిట్టదేనండీ మేడం."

"పగలు కూస్తోందేం?"

"మా ఇంట్లో దేనికీ వేళాపాళా ఉండదండీ," అంది ఆయన భార్య వంటింటి గుమ్మంలోంచి.

ఆఫీసరమ్మ నవ్వలేదు. గోడ నిండా ఉన్న గడియారాల్ని చూసింది. వాటిలో గంటకోసారి పిట్ట బయటికొచ్చి కూసేవీ ఉన్నాయి.

"అన్నీ ఆపండి."

ఆయన ఒక్కొక్క లోలకాన్నీ పట్టుకుని ఆపాడు. పెళ్ళయ్యాక ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం ఆయన ఎప్పుడూ ఎరగడు. గొంతు సవరించుకుని దగ్గాడు.

"హూ... హూ..." అని అటక మీంచి బొంగురుగా వినిపించింది.

ఆఫీసరమ్మ ముఖం వికసించింది. "నిజమైన పిట్టే. ఆ గొంతులో కల్తీ లేదు. కానీ ఒంటిదిలా ఉందే."

"ఒంటిదైతే ఏమండీ?"

"రూలు ప్రకారం ఒంటి పిట్టయితే పట్టుకెళ్ళి అడవిలో వదిలేస్తాం. జంటయితే కాపురం కింద లెక్క. కాపురమున్న ఇంటిమీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. రోడ్డే పక్కకి జరగాలి." ఆవిడ చేతిలోకి వల తీసుకుంది. "నిచ్చెన ఎక్కడ?"

"జంటేనండీ," అన్నాడాయన కంగారుగా. "రెండోదానికి కాస్త సిగ్గు."

"అయితే దాన్నీ ఓసారి కూయమనండి."

గడియారాలాయనకి దొంగకి తేలు కుట్టినట్టయింది. బామ్మర్దికి నేర్పింది ఒక్క గొంతే. దేవుడి మీద భారం వేసి మళ్ళీ దగ్గాడు.

"హూ... హూ..." అదే బొంగురు గొంతు. ఆ తర్వాత ఏమీ లేదు. ఆఫీసరమ్మ నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టింది. భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

సరిగ్గా అప్పుడు అటక అవతలి మూల నుంచి ఇంకో కూత వినిపించింది. సన్నగా, కీచుగా, గారాలు పోతున్నట్టుగా ఉంది.

ఆఫీసరమ్మ చప్పుడు కాకుండా కిందికి దిగింది. "ఆడపిట్ట," అంది గుసగుసగా. కూల్చివేత ఆపమని అక్కడికక్కడే సంతకం పెట్టి కాగితం తలుపుకి అంటించింది. ఆవిడ వెళ్ళిపోయింది, బుల్డోజరూ వచ్చిన దారినే వెనక్కి పోయింది.

గడియారాలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా తమ్ముణ్ణి తిండికి చేటన్నారు కదూ," అంది భార్య.

"ఇంకెప్పుడన్నా అంటే నా నోరు పడిపోవాలి," అని ఆయన అటక కిందికి పరుగెత్తాడు. "దిగిరారా నాయనా. రెండు గొంతులు ఎప్పుడు నేర్చావురా? అందులోనూ ఆ ఆడగొంతు, అబ్బబ్బ, నేనే నమ్మేశాను."

మొదట కాళ్ళు కనిపించాయి. ఆ తర్వాత, జుట్టు నిండా బూజుతో బామ్మర్ది నిచ్చెన దిగాడు. వచ్చీ రాగానే బావ చొక్కా గట్టిగా పట్టుకున్నాడు.

"బొంగురు గొంతొక్కటే నాది బావా. ఆ రెండోది నిజం పిట్టే, దానికి నేను నచ్చినట్టున్నాను."