బార్లీ సీసాలు

“ఈ ఇంట్లో ఈ సీసాలైనా ఉండాలి, మా అమ్మైనా ఉండాలి. ఏదో ఒకటి తేల్చండి,” అన్నాడు డాక్టర్ కోటేశ్వరరావు.

స్కార్‌బరోలో తమ్ముడి ఇంటి బేస్‌మెంట్‌లో, సరుకులు నిలవ ఉంచే కోల్డ్ రూమ్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడాయన. తానుండే వాన్ అనే ఊరి నుంచి ఆవకాయ పట్టుకెళదామని వచ్చాడు. జాడీ కోసం లోపలికి తొంగిచూస్తే ఎదురుగా అర నిండా ముదురు రంగు సీసాలు. ఒక్కో సీసా మెడకీ మాస్కింగ్ టేపు, టేపు మీద సంవత్సరం.

తమ్ముడు కోదండరామ్ మెట్ల మీదే ఆగిపోయాడు. ఇంకో మెట్టు దిగితే ఎవరో ఒకరి పక్షాన నిలబడాల్సి వస్తుందని ఆయనకు తెలుసు.

“నీకీ అలవాటు ఎప్పటినుంచిరా?”

“ఆయన్నెందుకంటారు బావగారూ? అవి నావి,” అంది కోదండరామ్ భార్య హైమావతి. ఆవకాయ తీయడానికి తెచ్చిన గరిటె ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

కోటేశ్వరరావు ఆమెకేసి, గరిటెకేసి, మళ్లీ సీసాలకేసి చూశాడు. హైమావతి కందిపప్పు రకాల గురించి చెప్పినంత మామూలుగా చెప్పుకొచ్చింది. బార్లీ వైన్ పేరుకే వైన్ గానీ నిజానికి బాగా ఘాటైన బీరేనట. చలికాలంలోనే అమ్మకానికి వస్తుందట. తెచ్చినప్పుడల్లా ఒకటి తాగి ఒకటి దాస్తుందట. ఏళ్లు గడిచేకొద్దీ చేదు విరిగి, ఖర్జూరం కలిపిన బెల్లప్పాకంలా తయారవుతుందట.

“మొత్తానికి మందు,” అన్నాడాయన.

“మీరు ఇన్నేళ్లూ జనానికి రాసిచ్చిందీ అదేగా.”

మెట్ల మీద కోదండరామ్‌కు దగ్గు వచ్చింది.

తాగడం ఒక తప్పయితే దాన్ని ఏళ్ల తరబడి దాచుకోవడం ఇంకో చోద్యమని కోటేశ్వరరావు మండిపడ్డాడు.

“కొత్త బియ్యం వండితే అన్నం ముద్దయిందని కంచం పక్కకు నెట్టేది మీరే. పాత బియ్యం ఉందా అని ఫోన్ చేసి మరీ భోజనానికొస్తారు. మీ కంచంలోకి పాతవి కావాలి, నా గ్లాసులోకి మాత్రం కూడదా?”

ఆయన మాటను తల్లి మీదికి మళ్లించాడు. వాళ్లమ్మ చాముండేశ్వరి బిస్కెట్ ప్యాకెట్ కొనాలన్నా షాపులో కళ్లద్దాలు పెట్టుకుని, వెనకాల చీమల్లాంటి అక్షరాలన్నీ చదివి, గుడ్డు లేదని తేల్చుకున్నాకే బుట్టలో వేసే మనిషి. అంతటి నిష్ఠాపరురాలిని ఈ సీసాల మీద కాపురం పెట్టించారా అని అడిగాడు. కాళ్ల తీపులతో నిద్ర పట్టడం లేదంటే తాను ఫోన్‌లోనే రోజూ పడుకోబోయే ముందు బార్లీ తాగమన్నాడని, అప్పటినుంచి ఆవిడ తెల్లారేదాకా కదలకుండా నిద్రపోతోందని, గుడిలో అందరికీ తన వైద్యం గురించే చెబుతోందని గుర్తు చేశాడు. తను అంత శ్రద్ధ తీసుకుంటుంటే వీళ్లు చేసేది ఇదా?

“ఇవేమిటని అమ్మ ఎప్పుడూ అడగలేదూ?”

“అడిగారు. బార్లీ అని చెప్పాను. అబద్ధం కాదుగా.”

“సరే. ఇప్పుడే ఇవన్నీ పారబోయాలి. లేదా అమ్మ నాతో వాన్‌కు వచ్చేస్తుంది. అత్తగారిని పంపించి బీరు ఉంచుకుందన్న మాట ఆదివారానికల్లా గుడిలో చేరుతుంది. ఆలోచించుకో.” పైకి తలెత్తి, “అమ్మా, బట్టలు సర్దుకో,” అని కేకేశాడు.

హైమావతి గరిటెను జాడీ మీద పెట్టింది.

“చేరనివ్వండి. అత్తయ్య ఎక్కడికీ వెళ్లరు. సీసాలూ వెళ్లవు.”

కోటేశ్వరరావు చొక్కా చేతులు పైకి మడిచాడు. ముందు వరస పక్కకు జరిపి వెనక్కి చెయ్యి చాచాడు. హైమావతి గబగబా అడ్డం వచ్చింది. ఆ వెనక వరస తన కూతురు చంద్రిక పుట్టిన ఏడు కొన్నది. పిల్ల పట్టా పుచ్చుకునే రోజున తీద్దామని ఇన్నేళ్లూ తనే చెయ్యి వేయలేదు.

“వాటిని మాత్రం ముట్టుకోకండి. కావాలంటే నన్ను దాటుకుని వెళ్లి తీయండి.”

ఆయన చెయ్యి పొడుగు. ఆమె భుజం మీదుగానే ఒక సీసా పైకి తీశాడు. తీసి, చేతిలోనే ఊపి చూశాడు. ఏ చప్పుడూ లేదు. మూతికి రేకు మూత కూడా లేదు. తెల్లటి గుడ్డ ముక్క చుట్టి, దారంతో బిగించి కట్టి ఉంది, ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు. పక్క సీసా తీశాడు. అదీ అంతే. ఆ వరసంతా అంతే.

ఆ ఇంట్లో వాసెన కట్టేది ఒక్కరే. ముగ్గురూ ఒకేసారి తలెత్తారు.

మెట్ల పైన, కోదండరామ్ వెనకాల చాముండేశ్వరి నిలబడి ఉంది. బట్టల సంచీ ఏమీ లేదు. చేతిలో స్టీలు గ్లాసు ఉంది.

ఇన్నేళ్లుగా కాపాడుకొచ్చిన ఖాళీ సీసాలను హైమావతి ఒక్కొక్కటే తడిమి చూసింది. కోటేశ్వరరావు కోపమంతా దిగిపోయి, ఆయన గొంతులోకి రోగి మంచం పక్కన వాడే మెత్తదనం వచ్చింది.

“అమ్మా, నువ్వేం బాధపడకు. తెలియక తాగావు. ఈ అమ్మాయి బార్లీ అని చెబితే నమ్మావు. నేను తాగమన్న బార్లీ ఇది కాదమ్మా. పద, మనింటికి పోదాం.”

చాముండేశ్వరి కోదండరామ్‌ను పక్కకు తప్పుకోమని, ఒక్కో మెట్టూ దిగి వచ్చి, పెద్దకొడుకు చేతిలోంచి సీసా తీసుకుని మళ్లీ దాని చోట్లో పెట్టింది.

“తెలియకేం కోటీ,” అంది. “నువ్వు చెప్పింది ఒక్క మాటే. సీసా మీద బార్లీ పక్కన రెండో మాట కూడా ఉంది. అది చదివాకే మూత తీశాను.”