ఎవరిని చూసి?

కరీంనగర్‌లో ఎంబీఏ చదివే ప్రవళిక ఒక ఫారం తెచ్చి తండ్రి ముందు పెట్టింది. బ్యాగులు కుట్టే వ్యాపారం పెట్టుకుంటానంటే కాలేజీవాళ్లు సాయం చేస్తారట. తండ్రి సంతకం ఉంటేనే.

ఇరవై ఏళ్లుగా సేటు మరమగ్గాల మీద బట్ట నేస్తున్న అంతయ్య ఫారం వంకైనా చూడలేదు.

"నౌకరి సూసుకో బిడ్డా. యాపారం మన ఇంటా వంటా లేదు."

"జర సదువు బాపు."

'వ్యాపారం చేయాలన్న కోరిక మీకు ఎవరిని చూసి కలిగింది?' అన్న ప్రశ్న కింద 'మా బాపు అంతయ్యను చూసి' అని రాసి ఉంది. అంతయ్య కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. మూడోసారి పక్కింటికి వినబడేలా చదివాడు.

"నన్ను జూసా? గంత గొప్ప ముచ్చట నాకాడ ఏం జూసినవే?" మీసం దువ్వుతూ అడిగాడు.

"సేటు ఫోన్ జేస్తే లేసి నిలబడి మాట్లాడుతవు గద బాపు. ఫోన్ల ఆయనకేమన్న కనవడుతవా?"

మీసం మీది చెయ్యి కిందికి దిగింది. అంతలోనే ఫోన్ మోగింది. సేటే.

అంతయ్య సగం లేచాడు. బిడ్డను చూసి మళ్లీ కూర్చున్నాడు.

"ఆఁ, చెప్పుండ్రి సేటూ" అంటూనే, పెన్ను ఇమ్మని రెండో చెయ్యి చాపాడు.