ఆనకట్ట కింది మడుగు

పంతులమ్మ చేతిలోని నోటుబుక్కు జారి మడుగులో పడింది.

ఆమె "అయ్యో!" అనేలోపే ఒడ్డున కూర్చున్న పెద్దాయన గాలం విసిరి, దాన్ని మెల్లగా గట్టుకు లాగేశాడు.

"ఇవాళ్టికి ఇదే పెద్ద చేప," అన్నాడు నవ్వుతూ.

ఎగువన ఆనకట్ట మీంచి దూకే నీళ్లు తెల్లటి పొగలా లేచి ఇద్దరి మీదా వాలుతున్నాయి. ఆ హోరులో మాటలు కూడా నిద్రలోంచి వస్తున్నట్టున్నాయి.

ఆనకట్టకు యాభై ఏళ్లు నిండబోతున్నాయి. దాని చరిత్ర రాసే పని ఊరివాళ్లు ఆమెకు అప్పగించారు.

"ఇది కట్టేటప్పుడు మీరిక్కడే ఉన్నారా, తాతగారూ?" ఆశగా అడిగింది.

"కట్టకముందే ఉన్నానమ్మా."

"ఏం చేసేవారు?"

"నడిచేవాణ్ణి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి."

"నడవడం కూడా ఒక ఉద్యోగమేనా?"

"కొన్నాళ్లు జీతం కూడా ఇచ్చారు. తర్వాత మానేశారు."

ఈయనతో పెట్టుకుంటే పుస్తకం తెమలదనుకుంది. తడిసిన కాగితాలు ఆరబెట్టుకుని ఇంజినీర్ల ఇళ్ల చుట్టూ తిరిగింది.

పుస్తకం అచ్చయ్యాక ఆయనకూ ఒక కాపీ ఇచ్చింది.

ఆనకట్ట బొమ్మలన్నీ గబగబా తిప్పేసి, ఊరి వీధుల ఫొటో దగ్గర ఆగిపోయాడాయన.

"ఇందులో మీ ఇల్లేదమ్మా?"

"ఇదిగో, ఈ మేడ పక్కన. మా అమ్మమ్మ కాలం నాటిది."

"మంచిది, మంచిది," అన్నాడు. చాలాసేపు ఆ పేజీ మూయలేదు.

వానలు మొదలయ్యేసరికి ఆ గట్టు ఖాళీగా కనిపించింది.

"పోయిన వారమే కన్నుమూశాడమ్మా. నిద్రలోనే," అన్నాడు పడవవాడు.

రెండో ముద్రణకు పాత పటాలు కావాల్సి వచ్చి ఆమె రికార్డుల గదికి వెళ్లింది. గుమాస్తా దుమ్ము దులిపి ఒక పటం పరిచాడు.

అందులో ఆనకట్ట ఊరికి దిగువన ఉంది. బడి, వీధులు, తన ఇల్లు అన్నీ నీలం రంగులో మునిగిపోయి ఉన్నాయి.

ఆమె పటం మీదికి వంగింది. "ఇదేమిటండీ, తప్పుగా గీశారా?"

"లేదు మేడమ్. మొదట అక్కడే కట్టాలనుకున్నారు. ఊళ్లో ఇన్ని కాపురాలుండగా సంతకం పెట్టనని సర్వే చేసినాయన మొండికేశాడు. ఉద్యోగం పీకేశారు. అయినా వదల్లేదు. ఏడాదిపాటు సొంతంగా నది పొడవునా కొలిచి, ఊరికి ఎగువన ఈ చోటు చూపించాడు."

"ఎవరండీ ఆయన?"

గుమాస్తా తీసిన ఆయన పాత ఉద్యోగ కాగితం మూల అతికించిన ఫొటోలో, పాతికేళ్ల వయసులో, గాలం పెద్దాయన నవ్వుతున్నాడు.