ఏంది ముచ్చట?

నెలాఖరుకు భీమశంకరం గారు రిటైరవ్వాలి. అవ్వడం ఆయనకు ఇష్టం లేదు.

"నేను వెళ్లిపోతే ఆ కంప్యూటరు ఇంకెవరి మాటా వినదండీ," అని జీఎం గారికి ఇప్పటికి నాలుగుసార్లు చెప్పారు. రెండేళ్లు ఎక్స్‌టెన్షన్ ఇస్తే ఆఫీసు కోసం త్యాగం చేయడానికి ఆయన సిద్ధంగా ఉన్నారు.

జీఎం గారు త్యాగాలకు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. కొత్తగా చేరిన హర్షిణి అనే ఇంజినీరును పిలిచి, "వారం రోజులు ఆయన దగ్గర కూర్చో. నీకు పని వస్తే ఆయన్ని పంపించేద్దాం. రాకపోతే ఉంచుకుందాం," అన్నారు.

హర్షిణిది నస్పూర్. తండ్రి గని కార్మికుడు. సోమవారం పొద్దున్నే నోటు పుస్తకం పట్టుకుని గోదావరిఖని ఆఫీసులో కంప్యూటరు గదికి వచ్చింది.

ఆ గదిలో ఒక పాత కంప్యూటరు, ఒక రివాల్వింగ్ కుర్చీ, భీమశంకరం గారు, అటెండరు సారక్క ఉంటారు. పదేళ్ల కిందట గనిలో పైకప్పు కూలి భర్త పోయాక సారక్కకు ఈ ఉద్యోగం ఇచ్చారు. నీళ్లు పెట్టడం, టీ తేవడం, కీబోర్డు తుడవడం ఆమె పని. కీబోర్డు రోజుకు చాలాసార్లు తుడవాల్సి వచ్చేది. బొగ్గు ఊరు కదా, దుమ్ము ఎక్కువ.

"షెల్ అంటే ఏంటమ్మా?" చేతులు వెనక్కి కట్టుకుని భీమశంకరం గారు పాఠం మొదలుపెట్టారు.

"మనం టైపు చేసిన కమాండ్‌ను కంప్యూటరుకు అందించే ప్రోగ్రాము సార్. మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. రంగులు, పలకరింపు, పొడుగాటి కమాండ్లకు పొట్టి పేర్లు..."

"పుస్తకాల్లో అలాగే రాస్తారు," అని ఆయన జాలిపడ్డారు. "షెల్ అంటే గుడ్డు పెంకు. లోపల ప్రాణం ఉంటుంది. జాగ్రత్తగా పట్టుకోవాలి. రాసుకో."

రాసుకుంది.

తెర నల్లగా ఉంది. మామూలుగా అయితే అక్కడ ఓ డాలరు గుర్తు, దాని పక్కన మినుకుమినుకుమనే గీత ఉండాలి. ఇక్కడ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో "ఏంది ముచ్చట?" అని ఉంది. హర్షిణి కాలేజీలో నేర్చుకున్న కమాండ్ కొట్టింది.

"గట్ల గాదు. మల్ల కొట్టు," అంది తెర.

"చూశావా? అందరి మాటా వినదు," అన్నారు భీమశంకరం గారు, కూతురి మొండితనం చెప్పుకుని మురిసిపోయే తండ్రిలా.

ఆ సిస్టమ్ వచ్చి ఎనిమిదేళ్లయింది. కొత్తలో నేర్పడానికి హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి పది రోజులు ఆ గదిలోనే కూర్చున్నాడు. ఆ పది రోజులూ భీమశంకరం గారికి మీటింగులే. అయినా సర్టిఫికెట్ ఆయన పేరు మీదే వచ్చింది. ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. అప్పటినుంచి రోజూ ఎన్ని లారీల బొగ్గు వెళ్లిందో చెప్పే రిపోర్టు పదకొండు కల్లా జీఎం గారి బల్ల మీద ఉంటుంది. ఒక్కరోజు తప్పలేదు. అందుకు ఆయనకు రెండుసార్లు శాలువా కప్పారు.

"సార్, ఆ రిపోర్టు తీయడం చూపించండి," అంది హర్షిణి.

"ముందు వెళ్లి టీ తాగి రా. ఖాళీ కడుపుతో షెల్ ఎక్కదు."

టీ తాగి వచ్చేసరికి రిపోర్టు ప్రింటై వెళ్లిపోయింది. "ఆలస్యం చేశావమ్మా," అన్నారాయన.

మంగళవారం టిఫినుకు పంపారు. బుధవారం ఏవో కాగితాలిచ్చి పెద్దపల్లి పంపారు. గురువారం ఆయనే భోజనానికి ఇంటికి వెళ్లారు. హర్షిణి గబగబా షెల్ సెట్టింగుల ఫైలు తెరిచింది.

ఫైళ్ల జాబితా చూడాలంటే "సూడు" అని కొట్టాలి. తెర ఖాళీ చేయాలంటే "దులుపు". ఏదైనా చెరిపేయబోతే మాత్రం షెల్ ఆగి ఒక ప్రశ్న అడుగుతుంది. "పైకప్పు కొట్టి సూశినవా?" సూశిన అని జవాబిస్తేనే ముందుకు పోనిస్తుంది.

హర్షిణి ఆ లైను రెండుసార్లు చదివింది. గనిలో లోపలికి అడుగుపెట్టే ముందు కర్రతో పైకప్పును కొట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందనుకుంటేనే మనుషుల్ని పోనిస్తారని తండ్రి చెప్పేవాడు. ఆమె సారక్క వైపు తిరిగింది.

"అక్కా, గీ మాటలన్నీ ఎవలు పెట్టిన్రు?"

మూల కూర్చుని సద్ది విప్పుకుంటున్న సారక్క తల ఎత్తలేదు. "సారే. సారుకు తెల్వంది ఏమున్నది బిడ్డా?"

హర్షిణి ఫైలు చివరిదాకా చదివి మూసేసింది. ఆ తర్వాత నోటు పుస్తకం తెరవలేదు.

శనివారం జీఎం గారు ఇద్దరినీ పిలిచారు.

"వచ్చిందా అమ్మా?"

"రాలేదు సార్. వారంలో నాతో అయ్యేది కాదు. సార్‌ను ఉంచుకోవాల్సిందే."

భీమశంకరం గారు వినయంగా తల వంచుకున్నారు. జీఎం గారు ఎక్స్‌టెన్షన్ కాగితం మీద సంతకం పెట్టేశారు.

"అయితే నీ వారమంతా వృథాయేనా?"

"ఒక్కటే అడుగుత సార్. మా సెక్షన్ల అటెండరు లేదు. సారక్కను మాకియ్యండి."

"ఆవిడకు... ఇక్కడ అలవాటండీ," భీమశంకరం గారు వంచిన తల గబుక్కున ఎత్తారు.

"కీబోర్డు తుడవడానికి ఇంకెవరినైనా పంపిస్తాంలెండి," అంటూ జీఎం గారు రెండో సంతకం కూడా పెట్టారు. "మీరున్నారుగా. ఇక మాకేం ఫికర్?"

సోమవారం పొద్దున ఆఫీసంతా వచ్చి భీమశంకరం గారిని అభినందించి వెళ్లింది. పదకొండుకు పది నిమిషాలుందనగా జీఎం గారి ఫోను వచ్చింది.

"రిపోర్టు ఏదండీ?"

"వస్తోందండీ."

తెర మీద "ఏంది ముచ్చట?" అలాగే ఉంది.

భీమశంకరం గారు లేచి తలుపు గడియ పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎనిమిదేళ్లలో మొట్టమొదటిసారి ఆ కీబోర్డు మీద వేలు పెట్టారు.