ముఖమే తాళంచెవి

"ఫోను తెరువు" అన్నాడు కాశప్ప.

"నాకే తెరుచుకోవడం ల్యాదప్పా" అన్నాడు తిప్పేస్వామి.

అది నిజమే. కానీ ఆదోనిలో కాశప్ప ముందు నిజం చెప్పి బాగుపడ్డవాడు ఇంతవరకు పుట్టలేదు. అతని కుడిచెయ్యి లేచింది. ఆ చెయ్యి సామాన్యమైనది కాదు. ఒకసారి దున్నపోతును కొడితే భయానికి చెంబెడు పాలిచ్చిందని యార్డులో ఇప్పటికీ చెప్పుకుంటారు. దెబ్బ మీద దెబ్బ, అన్నీ తిప్పేస్వామి ఎడమ చెంప మీదే పడ్డాయి. పెదవి చిట్లింది. కన్ను మూసుకుపోయింది. పక్కనున్న తెల్లటి పత్తి బేలు మీద నెత్తురు చిమ్మింది.

సంగతేమంటే, ఆ పొద్దున పత్తి యార్డులో హమాలీ జయన్న భుజంలోకి కాశప్ప ఇనుప కొక్కెం దించాడు. ఎమ్మిగనూరు నుంచి పనిమీద వచ్చిన నేతగాడు తిప్పేస్వామి దాన్ని వీడియో తీశాడు. అది పోలీసులకు చేరితే కాశప్ప జైలుకు పోతాడు. చెరిగిపోతే తిప్పేస్వామి ఇంటికి పోతాడు. రెండూ కాకపోతే, తడి ఆరని ఆ కొక్కెం ఈ మిల్లు గోడౌనులోనే, కళ్లెదుట మేకుకు వేలాడుతూనే ఉంది.

"తెరుచుకోకుంటే వీడియో ఎట్ల తీస్తివిరా?"

"కెమెరాకు తాళం ల్యాదప్పా. పక్క మీట రొండుసార్లు నొక్కితే సాలు."

దీనికీ ఒకటి పడింది.

ఫోను పగలగొడదామన్నాడు కాశప్ప. ఫోన్ల సంగతి తెలిసిన అతని మనిషి వెంకటేశులు వద్దన్నాడు. పగిలితే ఫోను పోతుంది గానీ వీడియో క్లౌడంటారే, ఆ మబ్బుల్లో ఉండిపోతుందట, ఫోను లోపలికి పోయి చెరిపితేనే అక్కడా చెరుగుతుందట. ఆదోని మీద వాన మబ్బు నిలవదు గానీ వీడియోల మబ్బు మాత్రం కదలదన్నమాట!

వేలు పెట్టించారు. మగ్గం మీద నూలు లాగి లాగి అరిగిన వేలు, రేషను మిషనే గుర్తుపట్టదు. అందుకే ఫోను అమ్మిన అంగడివాడు ముఖం తాళం పెట్టాడు. నంబరు రాసిచ్చిన చీటీ చొక్కాతో పాటు ఉతుకులో పోయింది. చివరికి ఫోనును ముఖం ముందు పెట్టారు. తెరుచుకోలేదు.

"ఎట్ల తెరుచుకుంటాదన్నా? కన్నతల్లే గుర్తుపట్టకుండా సేస్తివి" అన్నాడు వెంకటేశులు. "ఇంగ రొండు తూర్లు తప్పితే నంబరే అడుగుతాది."

ఇక మొదలైంది సేవ. సోడా అంగడి నుంచి మంచుగడ్డలు, ఇంటి నుంచి పసుపు వచ్చాయి. కొట్టిన చేత్తోనే కాశప్ప చెంపకు మంచు అద్దాడు, తల ఒళ్లో పెట్టుకుని విసనకర్రతో విసిరాడు. పొద్దున ఉగ్గాని, సాయంత్రం బెల్లం ఓళిగలు. కొత్తల్లుడికి కూడా ఆ మర్యాద జరగదు. ఒకసారి వెంకటేశులు అలవాటుగా ఎడంచేత్తో ముద్ద పెట్టబోతే కాశప్ప కసిరాడు: "ఇంటికొచ్చిన మనిషికి ఎడం సేత్తో పెడతావా?"

వాపు దిగింది. తిప్పేస్వామి ముఖం పెళ్లికొడుకు ముఖంలా తేరుకుంది. కాశప్ప ఊపిరి బిగబట్టి ఫోను ఎత్తిపట్టాడు.

తెరుచుకోలేదు.

కాశప్ప లేచి మేకు మీది కొక్కెం అందుకున్నాడు. దాని మొన తిప్పేస్వామి గొంతుకు ఆనింది. నోట్లో ఉన్న ఓళిగ బెల్లం అప్పుడే పిప్పిపన్నులోకి దిగింది. ప్రాణం జివ్వుమంది. అతను కుడి దవడ పట్టుకుని, ఆ నొప్పిలోనే ఒక్కసారిగా కళ్లు పెద్దవి చేశాడు.

"ఆగప్పా, తెలిసె! ఈ ఫోను కొన్ననాడు నాకు పన్నునొప్పి. ఈ దవడ బూరె మాదిరి ఉబ్బుండె. ఆ ముఖానికే తాళం పెట్టినారు."

అందరూ నున్నగా మెరుస్తున్న అతని కుడి చెంప వైపు చూశారు. కాశప్ప తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నాడు. కొక్కెం జాగ్రత్తగా మళ్లీ మేకుకు తగిలించాడు.

"వెంకటేశులూ" అన్నాడు మెత్తగా, "ఆ ఎడం సెయ్యి ఇట్ల తే."